రాగి తీసిన బురదలో వెండి బంగారాలు: లెక్క కట్టడం ఎలా?

పోచారం, చర్లపల్లి, నాచారం, ఉప్పల్ ప్రాంతాలలో పాత రాగి, పాత కంప్యూటర్ బోర్డులు కొని అమ్మే చిన్న వర్తకుల నుంచి తరచుగా వినవచ్చే ప్రశ్న ఒకటి ఉంది. బోర్డులో రాగి ఎంత ఉంటుందో అంచనా కట్టి ధర చెబుతున్నారు. అందులో బంగారం, వెండి కూడా ఉంటాయని అందరికీ తెలుసు. మరి రాగి తీశాక అడుగున మిగిలే నల్లని బురదను ఏ ధరకు అమ్మాలి? కిలోల లెక్కన అమ్మితే మోసపోయామేమోనని అమ్మినవాడికి దిగులు. ఎక్కువ పెట్టి కొన్నామేమోనని కొన్నవాడికీ అదే దిగులు.

ఈ లెక్క కొత్తది కాదు. రాగి ఖనిజాన్ని కరిగించే పెద్ద కర్మాగారాలు శతాబ్దానికి పైగా వేస్తున్న లెక్కే ఇది. వారు ఎలా వేస్తారో ముందు చూసి, తిరిగి పోచారం దగ్గరకు వద్దాం.

గనిలో తవ్విన రాగి ఖనిజంలో రాగి నూటికి ఒక పాలు కూడా ఉండకపోవచ్చు. దాన్ని మెత్తగా నూరి, నీళ్ళలో నురగ తేల్చి, నురగతో పాటు పైకి వచ్చిన రాగి రేణువులను వడగడితే నూటికి 20 నుంచి 30 పాళ్ళ రాగి ఉన్న పొడి వస్తుంది. దీన్నే వ్యాపారంలో కాన్సంట్రేట్ అంటారు. గుజరాత్‌లోని దహేజ్ కర్మాగారం, 2024లో ముంద్రాలో మొదలైన కర్మాగారం విదేశాల నుంచి ఓడల మీద తెప్పించుకునేది ముఖ్యంగా ఈ పొడినే. తూత్తుకుడి కర్మాగారం 2018లో మూతబడ్డాక మన దేశం శుద్ధి చేసిన రాగిని కూడా ఎగుమతి చేసేదానికంటే ఎక్కువగా దిగుమతి చేసుకోవలసి వచ్చింది.

గని యజమాని కాన్సంట్రేట్ అమ్మేటప్పుడు, కరిగించి శుద్ధి చేసినందుకు కర్మాగారానికి కొంత కూలి వదులుకుంటాడు. ఈ కూలికి ఏటా ఒక ప్రామాణిక రేటు కుదురుతుంది. 2024లో అది టన్ను కాన్సంట్రేట్‌కు 80 డాలర్లు. 2025లో 21 డాలర్ల 25 సెంట్లకు పడిపోయింది. ఆ ఏడాది అప్పటికప్పుడు జరిగే కొనుగోళ్ళలోనైతే సున్నాకు కూడా దిగువకు పోయింది. అంటే కూలి పుచ్చుకోవలసిన కర్మాగారమే గనికి ఎదురు చెల్లించింది! ఎదురు సొమ్మిచ్చి మరీ కొలిమి ఎందుకు వెలిగించాలి? రాగి ధరను మాత్రమే చూసేవారికి దీని జవాబు దొరకదు. కొలిమి పొగలోని గంధకం గంధకామ్లమై అమ్ముడుపోతుంది. అదొక రాబడి. రెండవది, తొట్టి అడుగున చేరే బురద.

ఆ బురద ఎలా పుడుతుంది?

కొలిమిలో కాన్సంట్రేట్ కరిగినప్పుడు ఇనుము, రాయి చిట్టెంగా పైకి తేలుతాయి. బంగారం, వెండి మాత్రం రాగిని విడిచిపెట్టవు. చిట్టెంలోకి పోయేది, సరిగా విడిపోక చిక్కుకున్న రాగి బిందువులతో పాటు పోయే కొద్ది భాగమే. ఆ కొద్ది భాగాన్ని వదులుకోలేక చాలా కర్మాగారాలు చిట్టెంను నెమ్మదిగా చల్లార్చి, మళ్ళీ నూరి, మళ్ళీ నురగ తేలుస్తాయి. ఆ తరువాత గాలి ఊది గంధకాన్ని వెళ్ళగొట్టగా వచ్చిన ముడి రాగిని మందపాటి పలకలుగా పోస్తారు. ఇవే ఆనోడ్ పలకలు. నూటికి 99 పాళ్ళకు పైగా రాగే అయినా, కాన్సంట్రేట్‌లోని బంగారమూ వెండీ దాదాపు అంతా వీటిలోనే ఉంటాయి.

ఈ పలకలను గంధకామ్లం, మైలుతుత్తం కలిసిన వేడి ద్రవంలో వేలాడదీసి కరెంటు పంపుతారు. పలక నుంచి రాగి కరిగి, ఎదుటి రేకు మీద శుద్ధమైన రాగిగా పేరుకుంటుంది. తొట్టికి పెట్టే కరెంటు ఒత్తిడి అర వోల్టు కూడా ఉండదు. రాగిని కరిగించడానికి అది చాలు గాని బంగారాన్ని కదిలించడానికి చాలదు. పలక తరిగిపోతుంటే బంగారం రేణువులై అడుగుకు రాలుతుంది. వెండిలో ఎక్కువ భాగం సెలీనియం, టెలూరియంలతో కలిసి రాలిపోతుంది. కరిగిన కాస్త వెండిని పట్టుకోవడానికి ద్రవంలో అతి కొద్దిగా క్లోరైడు ఉంచుతారు. ఉప్పు నీళ్ళు తగిలిన వెండి ద్రావణం తెల్లగా విరిగిపోవడం కంసాలి పని తెలిసినవారికి పరిచయమే. ఆ క్లోరైడు తగ్గితే వెండి శుద్ధ రాగిలో చేరిపోతుంది. రాగి తీగ కొన్నవాడికి వెండి ఉచితంగా పోతుందన్నమాట. సీసం సల్ఫేటుగా మారి బురదలో పడుతుంది. నికెల్ ద్రవంలోనే నిలిచిపోతుంది.

ఒక పలక కరిగి తరగడానికి రమారమి మూడు వారాలు పడుతుంది. అడుగున చేరే బురద టన్ను రాగికి కొద్ది కిలోలే. నలుపు, బూడిద రంగుల్లో, చూడటానికి కాలువ అడుగున తీసిన మట్టిలా ఉంటుంది. దీన్ని గంధకామ్లంతో, గాలితో మరిగించి మిగిలిన రాగిని తీసేస్తారు. కాల్చినప్పుడు సెలీనియం ఆవిరై వేరుగా చిక్కుతుంది. తరువాత సోడా, సురేకారం, ఇసుక వేసి కరిగిస్తే సీసం మొదలైనవి చిట్టెంలోకి పోయి, వెండి బంగారాల మిశ్రమం ముద్దగా దిగుతుంది. వెండి నైట్రేటు ద్రావణంలో ఈ ముద్దకు మళ్ళీ కరెంటు పెడితే వెండి స్ఫటికాలుగా ఒకవైపు చేరుతుంది, బంగారం మరోసారి అడుగు బురదగా మిగులుతుంది. బంగారానికి చివరిదాకా బురద రూపం తప్పదు.

మన దేశంలో ఇందుకు పాత ఉదాహరణ నేటి జార్ఖండ్‌లోని ఘాట్‌శిల. 1924లో ఏర్పడిన ఇండియన్ కాపర్ కార్పొరేషన్ అక్కడి మౌభండార్‌లో రాగి కరిగించేది. 1972లో అది హిందూస్థాన్ కాపర్ చేతికి వచ్చింది. అక్కడి ఆనోడ్ బురద నుంచి బంగారం, వెండి, సెలీనియం, టెలూరియం తీశారు. ద్రవంలో మిగిలిన నికెల్‌ను సల్ఫేటుగా తీశారు. అంతేకాదు, రాగి తేల్చుకోగా మిగిలిన ఇసుకలోని యురేనియం ఖనిజాన్ని యురేనియం కార్పొరేషన్ వారు ఏరుకున్నారు. అది జాదూగూడలో శుద్ధి అయి, పసుపుముద్దగా మన మౌలాలి పక్కనున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు చేరేది. రాగి వద్దనుకున్న ఇసుక ఈ విధంగా మన పొరుగుకు ఎప్పుడో వచ్చింది.

కాగితం మీద లెక్క

ఇప్పుడు ఒప్పందం సంగతి. వెయ్యి టన్నుల పొడి కాన్సంట్రేట్ కొన్నామనుకుందాం. పొడి అని ఎందుకు అనవలసి వచ్చిందంటే, ఓడలో వచ్చే సరుకులో నూటికి 8, 10 పాళ్ళ నీరు ఉంటుంది. నీటికి ఎవరూ డబ్బివ్వరు. పరీక్షలో రాగి 25 శాతం, బంగారం టన్నుకు 5 గ్రాములు, వెండి టన్నుకు 60 గ్రాములు తేలాయనుకోండి. అంటే సరుకులో 250 టన్నుల రాగి, 5 కిలోల బంగారం, 60 కిలోల వెండి ఉన్నాయి.

కొన్నవాడు ఇంతటికీ సొమ్ము కట్టడు. సాధారణంగా రాగిలో ఒక శాతం అంకె తగ్గించి, 25కు బదులు 24 శాతానికి, అనగా 240 టన్నులకు ధర కడతాడు. బంగారం టన్నుకు ఒక గ్రాముకు మించితేనే లెక్కలోకి వస్తుంది. మించినప్పుడు 90 నుంచి 97 శాతం దాకా చెల్లిస్తారు. 94 శాతం అనుకుంటే 4 కిలోల 700 గ్రాములు. వెండి సుమారు 30 గ్రాములు దాటితే 90 శాతం, అంటే 54 కిలోలు. శుద్ధి చేసినందుకు ఔన్సుకు కొంత పట్టుకుంటారు. దాన్ని ఇక్కడ వదిలేద్దాం.

కర్మాగారం రాగిని 98 శాతం రాబట్టితే 245 టన్నులు వస్తాయి. 5 టన్నులు మిగులు. బంగారాన్ని 97 శాతం రాబట్టితే 4 కిలోల 850 గ్రాములు వచ్చి 150 గ్రాములు మిగులు. వెండిని 95 శాతం రాబట్టితే 57 కిలోలు వచ్చి 3 కిలోలు మిగులు. ఈ మిగులుకు ఎవరికీ సొమ్ము కట్టనక్కరలేదు.  నేటి ధరలతో గుణించి, పైన చెప్పిన టన్నుకు 21 డాలర్ల కూలితో పాఠకులే పోల్చుకోవచ్చు.

అయితే ఇదే లెక్క తిరగబడగలదు. చిట్టెంలోనో, పొగ ధూళిలోనో, సరిగా కడగని బురదలోనో బంగారం చిక్కుకుని 92 శాతమే వచ్చిందనుకోండి. చేతికొచ్చింది 4 కిలోల 600 గ్రాములు. సొమ్ము కట్టింది 4 కిలోల 700 గ్రాములకు. ఈసారి 100 గ్రాములు చేతి నుంచి పోయాయి. నూటికి 5 పాళ్ళ తేడా లాభాన్ని నష్టంగా మార్చింది. రాగిలో ఇంత తేడా రావడం అరుదు. బంగారంలో వస్తే అది కంటికి కనిపించదు, ఏడాది చివర పద్దులు చూసుకున్నప్పుడు బయటపడుతుంది.

వడ్డీ సంగతి వేరే ఉంది. కాన్సంట్రేట్ దిగిన రోజు నుంచి బంగారం కడ్డీ అయ్యే రోజు దాకా కొలిమిలో, పలకల్లో, తొట్లలో, బురదలో నెలల తరబడి లోహం నిలిచిపోతుంది. అంతకాలం పెట్టుబడికి వడ్డీ నడుస్తుంది, ధర మారితే ఆ భారమూ పడుతుంది. కొన్న నెల ధరకు, అమ్మిన నెల ధరకు మధ్య ఉండే ఈ గండిని పూడ్చుకోవడానికే కర్మాగారాలు ముందస్తు మార్కెట్లో బంగారం, వెండి అమ్మి పెట్టుకుంటాయి. అలా అమ్మేవారందరూ ధర పడిపోతుందని జూదమాడేవారు కారని ఈ సందర్భంలో చెప్పడం మంచిది.

కొలిమి లేకుండా రాగి తీస్తే

కొలిమి పొగ లేకుండా, కాన్సంట్రేట్‌ను మూసిన పాత్రలో ఆక్సిజన్, ఆమ్లాలతో వేడి ఒత్తిడి మీద కరిగించే పద్ధతులూ ఉన్నాయి. అందులో రాగి ద్రావణంలోకి పోతుంది. బంగారం, వెండి ఎర్రని ఇనుప మట్టిలో మిగులుతాయి. రాగి తీయడం ఇందులో తేలిక, మిగిలిన మట్టితోనే చిక్కంతా.

బంగారాన్ని మామూలుగా సైనైడుతో తీస్తారు. కాని కడగగా మిగిలిన రాగి కూడా సైనైడును తినేస్తుంది. ఒక కిలో రాగి కరిగితే రమారమి 2.3 కిలోల సోడియం సైనైడు దానికే కట్టుబడిపోతుంది. టన్ను మట్టిలో నూటికి ఒక పాలు రాగి మిగిలి, అదంతా కరిగిందంటే 23 కిలోల సైనైడు ఖర్చు. ఆ మట్టిలో ఉన్నది 5 గ్రాముల బంగారమైతే ఖర్చు గిట్టడం కష్టం. మట్టిలో గంధకం మిగిలినా అదే తంటా, సైనైడు దానికీ ఖర్చయిపోతుంది. వెండికి మరో చిక్కు ఉంది. అది ఇనుముతో కలిసి జారోసైట్ అనే పసుపు రంగు పదార్థంలో బిగిసిపోతుంది. సైనైడు ఎంత పోసినా బయటికి రాదు. సున్నపు నీళ్ళలో 90 డిగ్రీల పైన కొన్ని గంటలు మరిగిస్తే ఆ పదార్థం విచ్చుకుని వెండి దొరుకుతుంది. ముందు బాగా కడగడం, తరువాత సున్నంతో మరిగించడం, ఆ పైనే సైనైడు. ఈ వరుస తప్పితే రాగి లాభసాటిగా వచ్చినా వెండి బంగారాలు దిబ్బలో కలుస్తాయి.

మళ్ళీ పోచారానికి

తెలుగునాట రాగి ఖనిజం లేకపోలేదు. ఖమ్మం జిల్లాలో ఉండిన మైలారం, గుంటూరు జిల్లాలో ఉండిన అగ్నిగుండాల పేర్లు పాతతరం పాఠకులకు తెలుసు. కాని కాన్సంట్రేట్ కరిగించే పెద్ద రాగి కొలిమి మన రెండు రాష్ట్రాల్లో లేదు. ఇక్కడున్న గని మరో రకం. పోచారం సాఫ్ట్‌వేర్ ఆవరణల చుట్టూ, ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా పెరిగిన ఊళ్ళలో, కార్యాలయాల్లో ఏటేటా పాతబడే యంత్రాలే ఆ గని.

కంప్యూటర్ బోర్డుల్లో రాగి నూటికి 20 పాళ్ళ ప్రాంతంలో ఉంటుంది. కాన్సంట్రేట్‌కు దాదాపు సమానమే. బంగారం మేలురకం బోర్డుల్లో టన్నుకు 200 గ్రాముల దాకా, కొన్నిటిలో అంతకు మించి కూడా ఉండగలదు. టీవీ బోర్డుల్లో 20 గ్రాముల ప్రాంతమే. టన్నుకు 3, 4 గ్రాములున్న గనులను తవ్వుతున్న రోజులివి. పది రెట్ల తేడా ఉన్న రెండు సరుకులు ఒకే గోనెసంచిలో, ఒకే ధరకు చేతులు మారుతున్నాయంటే ఎవరి సొమ్ము ఎవరికి పోతున్నదో ఊహించుకోవచ్చు.

చర్లపల్లిలోని సి-మెట్ పరిశోధన సంస్థ ఇలాంటి బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతిని రూపొందించింది. బోర్డుల మీది భాగాలు ఊడదీయడం, ప్లాస్టిక్‌ను అదుపులో ఉంచిన వేడితో విడగొట్టడం, మిగిలినదాన్ని కరిగించి రాగి పలకలు పోయడం, కరెంటుతో రాగి తీయడం, అడుగు బురదలోంచి వెండి బంగారాలు రాబట్టడం దాని క్రమం. ఘాట్‌శిలలో జరిగిన పనికీ దీనికీ దారి ఒకటే, కొలత మాత్రమే చిన్నది.

పెరట్లో జరిగే పని వేరు. బహిరంగంగా తగలబెడితే ప్లాస్టిక్ నుంచి వచ్చే విషవాయువులు పక్కింటి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దాని మాట అలా ఉంచి వ్యాపారం దృష్టితో చూసినా అది నష్టపు పనే. బూడిదను ద్రవరాజంలో వేస్తారు. బంగారం కరుగుతుంది. వెండి కరగదు. తెల్లని క్లోరైడుగా మారి అడుగు మట్టిలో కలిసిపోతుంది, కొంత బంగారాన్ని కూడా కప్పిపెడుతుంది. అది చెత్తని భావించి మురుగుకాలువలో పారబోస్తారు. ఒక టన్ను మంచి బోర్డుల్లో వెండి కిలో దాకా ఉండవచ్చునని తెలిస్తే అలా పారబోసేవారు కారేమో! ఇక చట్టం మాటకు వస్తే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కానివారు ఈ పని చేయరాదు. చిన్న వర్తకుడు సరుకు సేకరించి, రకాల వారీగా వేరు చేసి, నమోదైన కర్మాగారానికి అమ్ముకోవడమే మార్గం. అందుచేత అతడికి కావలసిన విద్య కరిగించడం కాదు, నమూనా తీయడం.

కంసాలి అంగడి ఊడ్చిన మట్టిని కడిగి బంగారు పొడి ఏరే జలగరి, మట్టి కొనేముందు గుప్పెడు తీసుకుని కడిగి చూసేవాడు. ఆ గుప్పెడు ఎక్కడి నుంచి తీశాడన్నదే అసలు విషయం. కుప్ప మీద నుంచి తీస్తే ఒక లెక్క, అడుగు నుంచి తీస్తే మరో లెక్క. బురద, బూడిద కొనేటప్పుడూ అంతే. సరుకు అంతా ఆరబెట్టి తూచాలి. నూరి జల్లించాలి. జల్లెడ మీద మిగిలిన లోహపు తునకలను పారవేయకుండా విడిగా తూచి విడిగా పరీక్ష చేయించాలి, ఎందుకంటే బంగారం వాటిలోనే ఎక్కువ ఉండవచ్చు. జల్లెడ దిగిన పొడిని గుండ్రంగా కుప్ప పోసి, పైన చదును చేసి, నాలుగు పాళ్ళుగా కోసి, ఎదురెదురు పాళ్ళు రెండు ఉంచుకుని మిగతా రెండు తీసేయాలి. ఉంచుకున్నదాన్ని మళ్ళీ కలిపి మళ్ళీ కోయాలి. చివరికి కొన్ని వందల గ్రాములు మిగిలేదాకా ఇదే పని.

పరీక్షకుడు ఆ పొడిలో కొంత తూచి, సీసపు భస్మం, సోడా, వెలిగారం కలిపి మూసలో కరిగిస్తాడు. సీసం వెండి బంగారాలను పోగుచేసుకుని ముద్దగా అడుగుకు దిగుతుంది. ఆ ముద్దను పీల్చుకునే గుణమున్న చిన్న కప్పులో పెట్టి కాలిస్తే సీసం కప్పులోకి ఇంకి, ఆవాలంత పూస మిగులుతుంది. పూసను తూచి, నత్రికామ్లంలో వేసి వెండిని కరిగించి, మిగిలిన బంగారాన్ని మళ్ళీ తూస్తాడు. మొదటి తూకం నుంచి రెండవది తీసేస్తే వెండి. పూసలో బంగారం పాలు ఎక్కువైతే వెండి కరగదు కనుక ముందే తూచిన వెండి కొంత చేర్చి, తరువాత లెక్కలో తగ్గించడం ఆనవాయితీ. గీటురాయి నగకు పనికి వస్తుంది గాని బురదకు పనికి రాదు.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది చిన్న వర్తకుల అనుమానం. 20 కిలోల సరుకుకు ఇంత తతంగం గిట్టదు, నిజమే. నలుగురైదుగురు కలిసి ఒకే రకం సరుకును ఒక లాటుగా పోగుచేసుకుంటే గిట్టుతుంది. రకాలు కలిపితే మాత్రం ఎవరి వంతు ఎంతో తేల్చలేక తగవులు పడతాయి.

నమూనాను మూడు పొట్లాలుగా కట్టి, ఇద్దరి ఎదుట సీలు వేయాలి. ఒకటి అమ్మినవాడికి, ఒకటి కొన్నవాడికి. ఇద్దరూ వేర్వేరు చోట్ల పరీక్ష చేయించి, ఫలితాలను ఒకే రోజున మార్చుకుంటారు. తేడా ముందుగా అనుకున్న హద్దులో ఉంటే సగటు తీసి ధర కడతారు. హద్దు దాటితే మూడో పొట్లం ఉభయులూ ఒప్పుకున్న మధ్యవర్తి పరీక్షకుడికి వెళుతుంది. ఎవరి అంకె అతని అంకెకు దూరంగా ఉంటే మధ్యవర్తి ఖర్చు వారే భరించాలని ఒప్పందంలో రాసుకోవడం పరిపాటి. హద్దు ఎంతో, ధర కట్టే తేదీ ఏదో లాటు తూచకముందే కాగితం మీద ఉండాలి. లాటు తాలూకు చివరి పైసా ముట్టేదాకా మూడో పొట్లాన్ని పారవేయరాదు.